వెనక్కి జరిగే మల్గీలు

సిద్దిపేట పాత బజార్ల పొద్దుగాల చీపురు చప్పుడు వినవడ్డదంటే దుర్గవ్వ వచ్చిందన్నట్టే. సావుకారు మల్గీలు, రోడ్డు మీది దుకాణాలు, ఆరు. అన్ని దుకాణాల ముందర ఊడుస్తది, పేడనీళ్ల సాన్పు చల్లుతది, ఒక్కొక్క షెట్టరు కాడ చిన్న ముగ్గు పెడ్తది. దుకాణపోళ్లు వచ్చి షెట్టర్లు ఎత్తేటాళ్లకు ఆమె చేతులు కడుక్కొని మెట్ల కిందికి దూరుతది. పై అంతస్తుకు పోయే రాతి మెట్ల కింద, నిలవడితే నెత్తి తాకే జాగల ఆమె కుట్టు మిషిను ఉన్నది. జాకెట్లు కుడ్తది, చీరెలకు ఫాల్ వేస్తది, పికో చేస్తది. పైకి ఎవలన్న ఎక్కినప్పుడల్లా రాళ్ల సందులకెళ్లి దుమ్ము రాలి బట్టల మీద పడ్తది. దులుపుకుంట కుట్టుడే. ఊడ్చినందుకు జీతం లేదు, కూసున్నందుకు కిరాయి లేదు. ఆ ఒప్పందం ఆమె అత్త కాలం నాటిది.

బజారు జర సల్లవడ్డంక మెట్ల వెనుక గోడకున్న చిన్న కిటికిలకెళ్లి ఒక చెయ్యి వస్తది, చేతిల చాయ గిలాస. అది ఎస్తేర్ చెయ్యి. సర్కారు దవాఖానల ఆయమ్మగ చేసి రిటైరైన మనిషి, పెండ్లి చేసుకోలే. మల్గీల వెనుక గోడకు, ఆమె ఇంటికి నడుమ మనిషి పక్కకు తిరిగి నడిచేటంత సందు ఉన్నది, అంతే. ఒక్క అర్ర, ముందట రేకుల వరండా. చిన్నదే గని సొంతం, పట్టా ఉన్నది. దుర్గవ్వ కిటికికి ఇవతల, ఎస్తేర్ అవతల నిలవడి, ఊర్ల పిల్లలు పెద్దగై వాళ్ల పిల్లలు బడికి పోయేటన్ని ఏండ్ల సంది ముచ్చట పెట్టుకుంటున్నరు. ఆ ఇద్దరికి ఒకరు తప్ప ఒకరికి బజార్ల దగ్గరి మనిషంటూ లేరు.

ఇగ బిల్డింగు సంగతి. రజాకార్ల లొల్లి సద్దుమణిగినంక సావుకారు లింగమూర్తి దీన్ని కట్టిచ్చిండు. బండరాయి, గచ్చు సున్నం. రెండంతస్తులు ఎట్లుంటయో చూద్దామని అప్పట్ల బెజ్జంకి దిక్కు పల్లెలకెళ్లి గూడ జనం బండ్లు కట్టుకొని వచ్చేటోళ్లట. మొదట్ల కింద కంచు గిన్నెలు, గొల్లభామ చీరెలు అమ్మిన్రు. తర్వాత సైకిళ్లు వచ్చినయి, రేడియోలు వచ్చినయి, క్యాసెట్లు వచ్చినయి, ఎస్టీడీ బూతు వచ్చింది, పోయింది. పైన ఒకప్పుడు పత్తి ఏజెంట్లు దిగేటోళ్లు, తర్వాత లాడ్జి నడిచింది, ఆ తర్వాత టైపు నేర్పిన్రు. ఇప్పుడు పైన పావురాలున్నయి. ఎవలు వచ్చినా ఎవలు పోయినా బిల్డింగుకు ఒక గుణం ఉన్నది. రోడ్డుకు జాగ కావాల్నంటే అది వెనక్కి జరుగుతది.

మొదటిసారి జరిగింది బస్సులు కొత్తగ తిరుగుడు సురువైనప్పుడు. మలుపు కాడ బస్సు తిరుగుతలేదని రోడ్డోళ్లు వచ్చి మల్గీల మీద సున్నం గీత గీసి, ఈడి దాక కూలగొడ్తమన్నరు. లింగమూర్తి అన్నం మానుకొని కూసున్నడు. తెల్లారి దుర్గవ్వ అత్త సిద్ధమ్మ, అప్పుడామె పడుసు పిల్ల, ఎప్పటి లెక్కనే వాకిలి ఊడ్వ వచ్చింది. రోడ్డోళ్ల కాళ్ల మట్టంత గడప కింద పేరుకున్నది, చీపురు అందుతలేదు. తొవ్వకు అడ్డం కూసున్న పిల్లగానికి చెప్పినట్టు, "జర జరుగు" అన్నది. బిల్డింగు జరిగింది. గోడ పెచ్చు ఊడలే, మిఠాయి దుకాణంల పొయ్యి మీది పాకం తొణకలే. సిద్ధమ్మ ఆ మట్టి గూడ ఊడ్చుకొని ఇంటికి పోయింది. లింగమూర్తి బయటికొచ్చి రోడ్డు మీద అడుగులేసి కొలుసుకొని, బస్సుకు సాలినంత జాగ అయ్యిందని చూసుకొని, లోపటికి పోయి కడుపునిండ తిన్నడు.

అప్పుడు వెనుక పెంటకుప్ప తప్ప ఏం లేకుండె, ఎవ్వలికి నష్టం కాలే. ఊర్ల మాత్రం ఒక మాట ఖాయమైంది. వాకిట్ల సాన్పు చల్లే చెయ్యి ఎవలిదో, వాళ్ల మాటనే ఆ బిల్డింగు వింటది. లింగమూర్తి తానే పోయి ఒకసారి జరుగుమని చెప్పి చూసిండట, ఉలకలే పలకలే.

రెండోసారికి వెనుక పెంటకుప్ప లేదు, సిద్ధమ్మ కాపురం ఉన్నది. జాగ సావుకారుది, పాక వీళ్లది. పాకల గుంట మగ్గం. మొగడు ఆ గుంతల కాళ్లు పెట్టి కూసొని పొద్దంత నేసేటోడు, కొడుకు పక్కన కూసొని నేర్సుకునేటోడు. దుర్గవ్వ అప్పటికి కొత్త కోడలు, కండెలు చుట్టేది. ఊరు పెరిగింది, లారీలు ఎక్కువైనయి, రోడ్డు మళ్ల సాలలే. లింగమూర్తి సిద్ధమ్మను పిలిపిచ్చిండు. నువ్వొక్క మాటంటే ఆరు మల్గీలు బతుకుతయి, నీ పాక సంగతి నేను చూసుకుంట అన్నడు. సిద్ధమ్మ పెద్దమనిషి మాట కాదనలే. మగ్గం మీద సగం నేసిన చీరెను కోసి తీసి మడత పెట్టింది. వాకిలి చల్లింది, జరుగుమన్నది. బిల్డింగు వచ్చి మగ్గం గుంత మీద కూసున్నది.

సావుకారు చూసుకున్నదేందంటే, ఈ మెట్ల కింది జాగ. అంత పెద్దమనిషి, అంతనే చూసుకున్నడు. మామ చేతికి పని లేక మంచం పట్టిండు. దుర్గవ్వ పెనిమిటి బొంబాయి దిక్కు భివండికి పోయి పవర్‌లూముల దుమ్ము మింగి మింగి, దగ్గుకుంట తిరిగొచ్చి, ఏడాది తిరగకముందే పోయిండు. సిద్ధమ్మ ఎవ్వల్ని ఒక్క మాట అనలే. మెట్ల కింద గాజులమ్ముకుంట బతికినన్ని దినాలు, పొద్దుగాల కూసునే ముందు బండల మీద అరచెయ్యి ఆనిచ్చి కొద్దిసేపు అట్లనే ఉండేది. ఆ బండల కిందనే మగ్గం గుంత ఉన్నదని కోడలికి ఎరికే. ఇద్దరు ఆ ముచ్చట ఎన్నడు ఎత్తుకోలే. సిద్ధమ్మ పోయినంక చీపురు, మెట్ల కింది జాగ, బిల్డింగు వినే మాట, మూడు దుర్గవ్వకు వచ్చినయి.

ఇప్పుడు మూడోసారి. సిద్దిపేట జిల్లా అయ్యింది. రోడ్డు నడుమ డివైడర్లు, రంగు రంగుల లైట్లు, పొద్దందాక కార్లు. మున్సిపాలిటోళ్లు వచ్చి బజారు పొడుగూత గోడల మీద ఎర్ర రంగు గీతలు కొట్టిన్రు. సావుకారు మల్గీల కాడికి వచ్చినంక ఇంజినీరు సారు రంగు డబ్బకు మూత పెట్టమన్నడు. ఇదెట్లనన్న జరుగుతది గదా, మంచి గోడ ఎందుకు ఖరాబు చేసుడు అన్నడు. వచ్చే బేస్తారం లోపల జరుపుకొమ్మని, లేకుంటే జేసీబీ వస్తదని మాత్రం చెప్పి పోయిండు. మల్గీల వెనుక ఇప్పుడు ఉన్నది ఎస్తేర్ ఇల్లొక్కటే.

లింగమూర్తి మనుమడు రాజేంద్రప్రసాద్ ఎన్నడు లేంది మెట్ల కిందికి వంగి వచ్చి స్టూలు మీద కూసున్నడు. నెత్తికి బూజు అంటుకున్నా దులుపుకోలే.

"దుర్గవ్వా, ఈ మూల మల్గి ఖాళీ అయితుంది. బిల్డింగు జరిగినంక అది నీదే. షెట్టరు, కరెంటు మీటరు, పైన నీ పేరు మీద బోర్డు. నువ్వున్నన్ని దినాలు కిరాయి మాట ఎత్తను."

మిషిను మీద దుర్గవ్వ కాలు ఆగిపోయింది. షెట్టరున్న మల్గి. నిటారుగ నిలవడి బట్ట కత్తిరిచ్చుకునే బల్ల. మీద దుమ్ము రాలని జాగ. ఆ ఆశ ఇయ్యాల పుట్టింది కాదు. కొత్త పెండ్లి పిల్లలు కుట్టుకూలి ఎక్కువైనా సరే బోర్డున్న దుకాణాలకే పోతుంటే, ఈమె వాళ్ల పాత చీరెల ఫాల్‌లు ఊడదీసుకుంట కూసున్నప్పటిది.

"మరి మా ఎస్తేరక్క ఇల్లెట్ల సేటూ?"

"ఆమె సంగతి నేను చూసుకుంట."

దుర్గవ్వ ఆ మాట గుర్తుపట్టింది. తాత అన్న మాటనే మనుమడు అన్నడు, అక్షరం తప్పకుంట. ఆలోచన చేసి చెప్తనన్నది. ఆలోచన చేసేదేమున్నదని రాజేంద్రప్రసాద్ నవ్వి, లేసేటప్పుడు నెత్తి మెట్టుకు తాకి, రుద్దుకుంట పోయిండు.

ఆ నాటి సంది దుర్గవ్వకు మర్యాదలే మర్యాదలు. సెల్‌ఫోన్ల దుకాణం శైలేందర్, రోజూ ముగ్గు తొక్కుకుంట లోపటికి పోయేటోడు, ఇప్పుడు దాటి పోతుండు. మిఠాయి దుకాణపోళ్లు ఒక పొట్లం పంపిన్రు. అందరు కలిసి ఒకనాడు వచ్చి కూసొని, బిడ్డల చదువులు, కొత్త జాగల కట్టాల్సిన పగిడి పైసలు, దుకాణం ఎత్తేస్తే గిరాకి మళ్ల పుట్టదని, అన్ని చెప్పిన్రు. అబద్ధమేం కాదు. శైలేందర్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి గూడ. ఎస్తేర్ పేరు మాత్రం ఎవ్వలి నోటికెళ్లి రాలే.

కిటికి కాడ గూడ ఆ ముచ్చట రాలే, అదే ఇచ్చంత్రం. ఆ వారమంత ఇద్దరాండ్లు మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నరు, గ్యాసు బండ మాట్లాడుకున్నరు, పోయినేడు కంటే ఈయేడు ఎండ ఎక్కువున్నదని మాట్లాడుకున్నరు. అసలు ముచ్చట తప్ప ఊర్ల ముచ్చట్లన్ని అయిపోయినయి. దుర్గవ్వకు నాలుక మీదికి వచ్చేది. నీ ఇల్లు పోతే ఏం జేస్తవక్కా అని అడుగుడంటే, నేను పోగొడ్తున్నని చెప్పుడే గదా అనిపిచ్చేది. మింగేది. రాయితోటి సున్నంతోటి మాట్లాడి ఒప్పిచ్చే మనిషికి, చెయ్యి చాపితే తాకేటంత దూరంల ఉన్న మనిషిని ఒక్క మాట అడిగేతందుకు నోరు రాలే.

ఒకనాడు ఎస్తేరే గిలాస తీసుకుంట అన్నది.

"దినం దగ్గరికొచ్చింది గదనే."

"వచ్చిందక్కా."

"నువ్వేం రంది పెట్టుకోకు. నీ మనుసుకు ఏది మంచిగనిపిస్తే గది చెయ్యి. నేనేమనుకోను."

అని నవ్వింది. దుర్గవ్వ ఆ నవ్వు చూసింది. ఇల్లు పోతదని తెలిసి గూడ నన్ను బాధ పెట్టద్దని నవ్వుతుంది, ఎంత మంచి మనిషి అనుకున్నది. అప్పుడే కిటికిలకెళ్లి ఎస్తేర్ ఇంటి అర్ర కండ్లవడ్డది. గోడ మీది ఏసు ప్రభువు పటం లేదు, మొల మిగిలింది. గిన్నెలు మూట కట్టి ఉన్నయి, ట్రంకు పెట్టె మీద దుప్పట్లు మడత పెట్టి ఉన్నయి. పాపం, మీద పడ్తదని భయానికి అన్ని సదురుకున్నది. సిద్ధమ్మ కోసి తీసిన చీరె యాదికొచ్చింది. బండల మీద ఆనిన అరచెయ్యి యాదికొచ్చింది. మా అత్త కడుపు కొట్టుకున్నది సాలు, ఇంకొక ఆడిదాని కడుపు నేను కొట్టనని దుర్గవ్వ అప్పుడే గట్టిగ అనుకున్నది. అనుకున్నంక పానం తేలికైంది. ఆ పూట ఇంత పచ్చిపులుసు పోసుకొని కడుపునిండ తిన్నది.

బుధారం పొద్దుగాల మల్గీల ముందట జాతర లెక్కున్నది. ఫోన్లు పట్టుకొని పిల్లలు ఎదురుంగ గోడెక్కిన్రు. రాజేంద్రప్రసాద్ తెల్ల అంగీ ఏసుకొని కొబ్బరికాయలు, కల్లు కుండ తెప్పిచ్చిండు. ట్రాఫిక్ పోలీసు బండ్లను ఆపిండు, ఎట్లనన్న కొద్దిసేపే గదా అని. దుర్గవ్వ ఎప్పటి తీరుగనే ఊడ్చింది, సాన్పు చల్లింది, ఆరు ముగ్గులు పెట్టింది. గడపకు పసుపు రాసింది. దేవతకు పోసినట్టు గడప కాడ కల్లు సాక పోసింది. వంగి గడప రాయి మీద చెయ్యి పెట్టింది.

వంగినప్పుడు మూల మల్గి కండ్లవడ్డది. ఖాళీ చేసిన దుకాణం, షెట్టరు సగం ఎత్తి ఉన్నది, లోపట సున్నం ఏసి తెల్లగ ఉన్నది. సేటు ముందే సున్నం ఏయిచ్చిండు. ఈసారి మాట తప్పెటట్టు లేడు అనిపిచ్చింది. గుండె గుంజింది, అబద్ధమెందుకు. ఒక్క మాట, తన అత్త అన్న మాటనే, అంటే అయిపాయె. పెదవుల దాక వచ్చింది గూడ.

"జరుగకు," అన్నది దుర్గవ్వ, ఎవ్వలికి వినరాకుంట. "ఏమైనా గాని, జరుగకు."

బిల్డింగు విన్నది. ఎవలన్న పిలిస్తే లేవబోయి, వద్దంటే మళ్ల కూసున్న మనిషి తీరుగ ఒక్కసారి మెదిలింది. పైన పావురాలన్ని లేసి తిరిగి వాలినయి. జనం అబ్బో అన్నరు. అంతనే. పొద్దెక్కింది. ముగ్గులు ఎండకు తెల్లగైనయి. మళ్లొకసారి చెప్పు దుర్గవ్వా అన్నరు, చెప్పింది. ఇంకోసారి అన్నరు, ఇంకోసారి వంగింది. ఆమె ఏమంటుందో అడగాల్నని ఎవ్వలికి తోచలే. పెదవులు కదిలినయి గదా, జరుగుమనే అంటుందనుకున్నరు. పగటాళ్లకు ట్రాఫిక్ పోలీసు బండ్లను వదిలిపెట్టిండు. పిల్లలు గోడ దిగి పోయిన్రు. బిల్డింగు ముసలిదైంది, చెవులు పోయినయి అని శైలేందర్ అన్నడు, అందరు అదే నమ్మిన్రు. రాజేంద్రప్రసాద్ దుర్గవ్వ దిక్కు చూడకుంట కారెక్కిండు.

తెల్లారి జేసీబీ వచ్చింది. దుకాణపోళ్లు సామాన్లు ముందే తీసుకున్నరు. రెండు గంటల్నే ముందట సగం పోయింది, గడప పోయింది, వెనుక గోడ దాక మెట్లు పోయినయి. సిద్ధమ్మ చెయ్యి ఆనిచ్చిన బండల మీద రాళ్లు పడ్డయి. దుర్గవ్వ మిషినును బయటికి తీసి రోడ్డు అంచుకు పెట్టుకొని చూసుకుంట నిలవడ్డది. ఏడుపు రాలే. ఏదో గర్వం అసొంటిది గూడ ఉండె. తన జాగ పోయింది, వెనుక ఇల్లు నిలవడ్డది. కూలిన గోడ సందులకెళ్లి ఎస్తేర్ ఇంటి రేకులు మొదటిసారి బజారుకు కనవడుతున్నయి. దుమ్ము తగ్గినంక ఆ ఇంటికి పోయింది. మెప్పు కోసం పోలే, అట్ల అనుకునే మనిషి కాదు. గని ఎస్తేర్ ముఖంల కొంచెం సంబురం చూడాల్నని మాత్రం ఉండె.

ఎస్తేర్ ట్రంకు పెట్టె మీద కూసొని ఉన్నది. మూటలు మూటల లెక్కనే ఉన్నయి. ఏడిచి ఏడిచి ముఖం ఉబ్బింది.

"ఇల్లు పోలే గదక్కా, ఇంకెందుకు ఏడుస్తవ్?" అన్నది దుర్గవ్వ.

ఎస్తేర్ తల ఎత్తలే. నేల దిక్కే చూసుకుంట మెల్లగ చెప్పింది. రాజేంద్రప్రసాద్ ఆమె కాడికి ముందే వచ్చిండట. చర్చి వెనుక గల్లీల రెండర్రల ఇల్లు చూపిచ్చిండట, పంపున్నది, లోపట్నే బాత్రూమున్నది. బిల్డింగు జరిగి నీ ఇంటి మీదికి వస్తే ఇది నీ పేరు మీద రాసిస్తనన్నడట, రాకుంటే నాకు నీ జాగతోటి పనేమున్నది అన్నడట. తాళంచెయ్యి గూడ చేతిల పెట్టిండు. ఎస్తేర్ రెండు మాట్ల పోయి చూసుకొని వచ్చింది. మంచం ఏ మూలకు ఏసుకోవాల్నో గూడ అనుకున్నది. వానకాలం వస్తే ఈ ఇంట్ల మోరీ మురికినీళ్లు మోకాళ్ల దాక వస్తయి. కాళ్లు పట్టుకుపోయి ఎస్తేర్ రాత్రంత మంచం మీద కూసుంటది. ఆ సంగతి గూడ ఆమె ఎన్నడు కిటికి కాడ చెప్పలే, చెప్తే దుర్గవ్వ వచ్చి నీళ్లు తోడుతదని.

"నిన్న మాపటీలి వచ్చి తాళంచెయ్యి తీసుకపోయిండు," అన్నది.

దుర్గవ్వ ఆమె ముందట నేల మీద కూసున్నది.

"నాకెందుకు చెప్పకపోతివక్కా?"

"ఎట్ల చెప్పాల్నే. నిన్ను ఒక్కదాన్ని ఇడిసి పోతున్న, మంచి ఇల్లు దొరికింది, సంబురంగున్న అని ఎట్ల చెప్పాలె? జరిగినంక చెప్దామనుకున్న. నీకు మల్గి వస్తుందని సేటు చెప్పిండు. ఇద్దరికి మంచైతుంది గదా అని పొద్దుమాపు ప్రార్థన చేసిన."

బయట జేసీబీ రాళ్లను టిప్పర్ల ఏస్తుంది. తర్వాత ఎస్తేర్ తల ఎత్తి దుర్గవ్వ ముఖం దిక్కు చూసింది. ఊరంతటికి తోచనిది ఆమెకు తోచింది.

"ఆ బిల్డింగు మీ అత్త మాట ఎన్నడు తీసెయ్యలే. నీ మాట గూడ తీసెయ్యది. నువ్వేం చెప్పినవే దానికి?"

దుర్గవ్వ అబద్ధం చెప్పొచ్చు. బిల్డింగుకు చెవులు పోయినయని ఊరంత అననే అన్నది.

"జరుగకుమన్న," అన్నది.

"నా కోసమా?"

"నీ కోసమే."

"మల్గి గూడ వద్దనుకొని?"

దుర్గవ్వ తల ఊపింది.

"నన్నొక్క మాట అడిగినవా?" అన్నది ఎస్తేర్. గొంతు లేపలే, తిట్టలే. "సేటు ఆయనకు కావాల్సింది ఆయన చేసిండు. నాకు కావాల్సింది నువ్వే అనుకొని నువ్వు చేసినవు. ఒక్కరన్న నన్ను అడిగిన్రా?"

లేసి ఒక మూట ముడి విప్పవట్టింది. ముడి బిగుసుకపోయింది. దుర్గవ్వ చెయ్యి సాచింది, రెండో కొన పట్టుకుందామని. ఎస్తేర్ మూటను తన దిక్కు జరుపుకున్నది. నేను విప్పుకుంట, నువ్వు పో, బయట నీ మిషిను ఒక్కటే ఉన్నది అన్నది. దుర్గవ్వ లేసి బయటికి వచ్చింది.

మిగిలిన సగం బిల్డింగు కొన్ని దినాలు నోరు తెరుసుకొని ఉన్నది. సాన్పు చల్లేతందుకు వాకిలి లేదు, ముగ్గు పెట్టేతందుకు షెట్టర్లు లేవు, దుర్గవ్వ ఆడికి పోవుడు మానేసింది. రాజేంద్రప్రసాద్ సర్కారు పరిహారం తీసుకొని, ఉన్న జాగను హైదరాబాదు బిల్డరుకు ఇచ్చిండు. ఆ బిల్డరు పునాది తీసేటప్పుడు మగ్గం గుంత బయటపడ్డది, ఏందో పాత గుంతనుకొని కాంక్రీటు పోసిన్రు. ఐదంతస్తులు లేసినయి. ఇది జరిగేది కాదు, దీనికి మాట వినే గుణం లేదు. ఎస్తేర్ ఇంటి సందు మూసుకుపోయింది. వెలుతురు గూడ పోయింది, పట్టపగలు లైటు ఏసుకుంటది. వానకాలంల నీళ్లు ఇంక ఎక్కువ వస్తున్నయని చర్చికి వచ్చేటోళ్లు చెప్పుకున్నరు. ఆ జాగ ఇప్పుడు ఎవ్వలికి అక్కర లేదు.

శైలేందర్ కొత్త బస్టాండు దిక్కు చిన్న డబ్బా పెట్టుకున్నడు. దుర్గవ్వ రోడ్డుకు అవతల, మూతవడ్డ ఒక గోదాం గోడ కింద పెద్ద గొడుగు పాతుకొని మిషిను ఏసుకున్నది. గాలొస్తే గొడుగు పట్టుకోవాలె, వానొస్తే బట్టలు కవర్ల కట్టుకోవాలె. ఐతారం పొద్దుగాల ఎస్తేర్ చర్చికి పోయేటప్పుడు కనవడ్తది, తెల్ల చీరె కట్టుకొని, మోకాలు పట్టుకుంట. రోడ్డు ఆ అంచు నుంచే పోతది. దుర్గవ్వ ఏ వారానికావారం ఇయ్యాల పిలుద్దామనుకుంటది, ఏమని పిలువాల్నో తెల్వది. నడుమ నాలుగు లైన్ల బండ్లు పోతుంటయి, పిలిచినా వినరాదు.

క్రిస్మస్ దగ్గర పడ్డప్పుడు చర్చికి పోయే ఒకామె వచ్చి గొడుగు కింద ఒక కవరు పెట్టింది. ఎస్తేరమ్మ పంపింది, పండుగ వరకు కావాల్నట అన్నది. దుర్గవ్వ మిషిను ఆపింది. ఎస్తేర్ జాకెట్లు ఎన్నడన్న సరే కుట్టింది దుర్గవ్వనే. దవాఖాన యూనిఫాం కాలం నుంచి, కూలి ఎంతని ఒకరు అడగలే ఒకరు చెప్పలే. ఆ మనిషి భుజం ఎంత, చెయ్యి ఎంత, ఏ పక్క జర వదులు పెట్టాల్నో టేపు లేకుంటనే ఆమె చేతులకు తెలుసు. గబగబ కవరు విప్పింది. లోపట తెల్ల పాప్లిన్ బట్ట ఉన్నది, మడతల కుట్టుకూలి పెట్టి ఉన్నది. కింద కొలతకని ఒక పాత జాకెట్టు పెట్టి పంపింది ఎస్తేర్, తెల్వని టైలరు కాడికి పంపినట్టు. ఆ పాత జాకెట్టు గూడ దుర్గవ్వ కుట్టిందే.